భ కాదు, ధ

ముందే చెబుతున్నాను, తప్పులుంటే మన్నించండి. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి, రాయడం బాగా నెమ్మది. భ, ధ దగ్గర మరీ తడబడేదాన్ని. రెంటికీ కింద గీతే కదా.

మా ఆయన పోయాక దర్శిలో మరిది కొడుకు కోటి ఇంట్లో ఉండేదాన్ని. కోటిది పురుగుమందుల కొట్టు. మందు డబ్బాల మీది కాగితాలు చూపించి నాకు చదువు నేర్పింది అతని భార్య ధనశ్రీ.

మిర్చి మందులు బాగా అమ్మినందుకు కిందటేడు కంపెనీవాళ్ళు కోటిని నీలగిరి కొండల్లో తేయాకు పండే ఊరికి పంపారు. ఆడవాళ్ళను రానివ్వరని చెప్పి ఒక్కడే వెళ్ళొచ్చాడు. ఏడాదంతా ధనశ్రీ సాధించగా ఈసారి మమ్మల్నిద్దర్నీ కారెక్కించాడు. కొట్టును, అక్కడ బిల్లులు రాసే భానుశ్రీకి అప్పజెప్పాడు.

"అక్కడ బోర్డులన్నీ నేనే చదువుతా," అన్నాను.

"నువ్వు చదివేలోపు మిరప కోతలు అయిపోతాయి పెద్దమ్మా. ధనశ్రీ నీకు చదువు నేర్పిందా, బట్టీ పట్టించిందా?"

ధనశ్రీ మొహం చిన్నబోయింది. ఇతని ఎదురుగా ఒక్క బోర్డయినా చదివి తీరాలనుకున్నాను.

ఆ ఊళ్ళో దొరల కాలం నాటి వీధి ఒకటుంది. అన్నీ పెంకుటిళ్ళు. మా దగ్గర అలాంటివి పడగొట్టి స్లాబు వేస్తే గొప్ప. అక్కడ పడగొట్టకపోతే గొప్పట. టీ ఇచ్చారు, పాలూ లేవు, పంచదారా లేదు. చూడబోతే బోర్డులన్నీ అరవం, ఇంగ్లీషు.

"చదువు పెద్దమ్మా," అని కోటి ఒకటే నవ్వు.

వీధి చివర సున్నం గోడ మీద మేకుతో గీకిన తెలుగు కనబడింది. నా ప్రాణం లేచొచ్చింది.

"అక్కడేం లేదు, కారు దగ్గరికి పదండి," అన్నాడు కోటి. నవ్వు ఆగిపోయింది.

నేను కదల్లేదు. వేలు పెట్టి గట్టిగా చదివాను. "ద...ర్శి... కో...టి. భా...ను...శ్రీ."

"భ కాదు పెద్దమ్మా, ధ. ధనశ్రీ అని రాశా. నీకింకా అక్షరాలు సరిగ్గా రాలా."

"కింద గీత రెంటికీ ఉంటదిరా. మరి నడుమ 'ను' ఎందుకొచ్చింది?"

ధనశ్రీ గోడ దగ్గరికొచ్చి చాలాసేపు చూసింది.

"సరిగ్గానే చదివారు అత్తయ్యా," అంది.

తిరుగు ప్రయాణంలో తడ దాటాక బోర్డులు తెలుగులో వచ్చాయి. కార్లో ఎవరూ మాట్లాడుకోవడం లేదు గనక ఒక్కొక్కటీ నిమ్మళంగా చదువుకున్నాను.

ఇట్లు,
పున్నమ్మ, అరవై ఏడేళ్ళు.
నిన్నమొన్నటి దాకా దర్శి. ఇప్పుడు ధనశ్రీతో పాటు వాళ్ళ పుట్టింట్లో, సింగరాయకొండ.