ఎవరూ తీసుకోని టోపీ

అమెరికా ఉత్తరపు కొసన, పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న మా డులూత్ ఊళ్ళో సముద్రపు దొంగల ఆట పెట్టుకోవడమంత బుద్ధితక్కువ పని ఇంకోటి లేదు. ఇక్కడే పుట్టి యాభై నాలుగేళ్ళు నిండినదాన్ని, ఆ సంగతి నాకు ముందే తెలియాల్సింది. పళ్ళెంలో చివరి ముక్క తీసుకోవడానికి చేయి రాని జనం మేము. ఒకరు అందులో సగం కోసుకుంటారు, ఇంకొకరు ఆ సగంలో సగం. ఆఖరికి చీమకి కూడా చాలని పలుకు మిగిలితే దాన్ని మూత పెట్టి ఫ్రిజ్‌లో దాస్తాం. ఇలాంటివాళ్ళని ఓడ ఎక్కించి దోచుకు రమ్మంటే ఏం దోచుకొస్తారు?

అయినా మొదలుపెట్టాను. పదకొండేళ్ళుగా శనివారం మధ్యాహ్నాలు మా భోజనాల బల్ల చుట్టూ నలుగురం కూర్చుని పాచికల ఆట ఆడుతున్నాం. కథ నడిపేది నేను. తక్కిన ముగ్గురూ తలా ఒక పాత్ర కల్పించుకుని అందులో దూరిపోతారు. ఏం చేయబోతున్నారో వాళ్ళు చెబుతారు, అది జరిగిందో బెడిసికొట్టిందో పాచిక చెబుతుంది. ఇన్నాళ్ళూ కొండలు, గుహలు, డ్రాగన్లు అయ్యాయి. ఈ చలికాలానికి సముద్రం అనుకున్నాం.

ఆడేవాళ్ళలో వెర్లిన్ ముప్పై ఏళ్ళు ఇనుప ఖనిజం మోసే ఓడల్లో చుక్కాని పట్టి రిటైరైన మనిషి. ఆరున్నర అడుగుల ఎత్తు, గొంతు మాత్రం పిల్లికూనది. కోరిన్ లైబ్రరీలో పనిచేస్తుంది. మా అందరిలోకీ చిన్నది, ఆట నియమాల పుస్తకం మొత్తం దానికి నోటికి వచ్చు. మూడో మనిషి హిల్మా. బడిలో నాలుగొందల మంది పిల్లలకి ఇరవయ్యారేళ్ళు వండి వడ్డించింది. ఇప్పటికి ఏడు కథలు నడిపాను, ఏడింటిలోనూ హిల్మా వైద్యురాలే. తక్కినవాళ్ళు కత్తులు తిప్పుతూ ముందుకు ఉరుకుతుంటే వెనకాల నిలబడి కట్లు కట్టేది. ఆ పాత్ర ఎవరూ కోరుకోరు. "ఎవరో ఒకరు ఉండాలిగా," అంటూ ప్రతిసారీ తనే రాసుకునేది.

ఆ గురువారం నాకు ఫోన్ చేసింది.

"మార్లిస్, ఒక మాట చెబుతా, నవ్వకూడదు."

"నవ్వనులే, చెప్పు."

"ఈసారి నాకు కెప్టెన్ అవ్వాలనుంది."

"ఓస్, అంతేనా! శనివారం వాళ్ళతో నేనే చెప్పేస్తా."

"అమ్మో! నోరెత్తావంటే చూడు. నేను అడగను, నువ్వు చెప్పకూడదు."

"అడక్కుండా, చెప్పకుండా వాళ్ళకెలా తెలుస్తుందే? అడగందే అమ్మైనా పెట్టదు."

"పెట్టకపోతే మానె. మళ్ళీ కట్లు కట్టుకుంటూ కూర్చోవడం మాత్రం నావల్ల కాదు. ఈసారీ అదే రాసుకోవాల్సి వస్తే, వచ్చే శనివారం నుంచి మా చెల్లెలి బౌలింగ్ జట్టులో చేరి, బంతి దొర్లించి కర్రలు పడగొట్టుకుంటా. వాళ్ళకి ఒక మనిషి తక్కువట."

హిల్మా అన్నదంటే చేస్తుంది. ఆమె లేకపోతే నాకు శనివారమే లేదు. చెప్పనని మాటిచ్చేశాను కాబట్టి చెప్పడానికీ లేదు. ఇక మిగిలింది ఆటలోనే ఏదో ఒక ఎత్తు వేయడం.

శుక్రవారమంతా కూర్చుని మహిమల వస్తువులు తయారుచేశాను. ఒక్కొక్కటీ ఒక్కో అట్టముక్క మీద రాశాను. సీసాలో బంధించిన గాలి ఒకటి, మూత తీస్తే వీస్తుంది కానీ మొదటిరోజు ఎప్పుడూ ఎదురుగాలే. విషం కలిసిన పులుసులో ముంచితే నల్లబడే గరిటె. ఎదుటివాడు అబద్ధమాడితే దానంతట అదే ముడిపడే తాడు. ఇంటి దగ్గర ఏది మరిచిపోయి వచ్చామో అటే చూపించే దిక్సూచి. అది, ఎక్కడికి బయల్దేరినా ఏదో ఒకటి ఇంట్లో మరిచిపోయే మా అక్కని తలుచుకుని రాసింది. అన్నిటికన్నా మించినది కెప్టెన్ టోపీ. దానికి మాత్రం అట్టముక్క సరిపోదనిపించి, చర్చిలో పాత బట్టలు అమ్మినప్పుడు కొన్న నల్ల టోపీకి నీటికాకి ఈక గుచ్చి, నియమం రాసిన చీటీ దాని లోపల పెట్టాను. ఎవరైనా ఇస్తే తీసుకున్నవాళ్ళకి ఆ టోపీ కళ్ళ మీదికి జారి గుడ్డివాళ్ళని చేస్తుంది. ఎవరూ ఇవ్వకుండా, ఎవర్నీ అడక్కుండా తీసి పెట్టుకున్నవాళ్ళకే సరిపోతుంది.

వెర్లిన్, కోరిన్ చచ్చినా చేయి చాపరు. హిల్మాకి కావాలి కనుక ఆమే చాపుతుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. హిల్మా కూడా ఈ ఊరి మనిషేనన్నది మాత్రం బుర్రకి తట్టలేదు.

శనివారం ముగ్గురూ మంచు దులుపుకుని, బూట్లు గుమ్మంలో విప్పి వచ్చారు. బల్ల మీద పదమూడు నిమ్మకాయ కేకు ముక్కలు, మధ్యలో వస్తువులు, వాటి నడుమ టోపీ. హిల్మా దాన్ని ఒకసారి చూసి, వెంటనే కిటికీ వైపు చూసింది.

ముందు పాత్రలు తేలాలి. వెర్లిన్ ఎంతో ముచ్చటపడి తన దొంగ గురించి చదివాడు. దోచుకున్న ప్రతి ఓడకీ మర్నాడు కృతజ్ఞతలు చెబుతూ ఉత్తరం రాస్తాడట.

"వాళ్ళ అడ్రసు ఎలా తెలుస్తుందయ్యా?" అన్నాను.

"దోచుకునేటప్పుడు అడిగి రాసుకుంటాడు. మర్యాదగానే."

కోరిన్ దొంగ ఇంకా ఘనుడు. దొరికిన నిధిలో సగమే తీసుకుంటాడు, తక్కినది ఆ తర్వాత వచ్చే దొంగల కోసం వదిలేస్తాడు. హిల్మా కాగితం మాత్రం తెల్లగానే ఉంది.

"నాకింకా ఏమీ తోచలేదు," అంది.

"సరే, వస్తువులు తీసుకోండి. ఎవరికి నచ్చింది వాళ్ళు," అన్నాను. ఎవరూ కదల్లేదు. నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అని పావుగంట గడిచింది. రెండుసార్లు వద్దని, మూడోసారి ఒప్పుకోవడం మా ఆనవాయితీ. ఆ లెక్కన వెర్లిన్‌కి సీసా, కోరిన్‌కి తాడు, హిల్మాకి గరిటె చేరాయి. మనిషికో మూడు కేకు ముక్కలు అయిపోయి, పళ్ళెంలో ఒక్కటి మిగిలింది. టోపీ ఉన్నచోటే ఉంది.

అప్పుడు కోరిన్ టోపీని రెండు చేతులతో ఎత్తి, "హిల్మా గారూ, ఇది మీకైతే బాగుంటుంది," అంది.

"నాకెందుకమ్మా! వెర్లిన్‌కివ్వు."

"మీరే తీసుకోండి."

"అబ్బే, నాకు టోపీలు నప్పవు."

"నా మాట విని తీసుకోండి."

మూడోసారి! హిల్మా ముఖం వెలిగిపోయింది. చేయి ముందుకు వచ్చింది. సరిగ్గా అప్పుడే కోరిన్‌కి లోపలి చీటీ కనిపించింది. చీటీ కనిపిస్తే చదవకుండా ఉండగలదా? పైకి చదివి, నాలుక కరుచుకుంది.

"అయ్యో, ఇస్తే పనికిరాదట. సారీ అండీ, మిమ్మల్ని గుడ్డివాళ్ళని చేసేదాన్ని." టోపీ మళ్ళీ బల్ల మీదికి వెళ్ళిపోయింది. హిల్మా చేయి ఒళ్ళోకి వెళ్ళిపోయింది.

"ఆ నియమం కొట్టేస్తాలే," అన్నాను గబగబా.

"రాసింది రాసిందేగా," అంది కోరిన్.

"ఒకరి కోసమని ఏమీ మార్చకు మార్లిస్," అంది హిల్మా. పెన్సిల్ తీసుకుని కాగితం మీద వైద్యురాలు అని రాసింది. "ఎవరో ఒకరు ఉండాలిగా."

ఇక నా ఒళ్ళు మండింది. ఆమె మీద, కోరిన్ మీద, అందరికన్నా ఎక్కువ నా మీద. తవ్విన గోతిలో నేనే పడ్డాను. కెప్టెన్ సంగతి వచ్చేవారం తేల్చుకుందామని వెర్లిన్ నసుగుతున్నాడు. వచ్చేవారం హిల్మా బౌలింగ్‌లో ఉంటుందని అతనికేం తెలుసు?

"ఏం తేల్చక్కర్లేదు. ఓడ బయల్దేరింది," అన్నాను. లేచి, అల్మరాలో ఉన్న పులుసు గిన్నె తెచ్చి బల్ల ఈ చివర పెట్టాను. అదే ఓడ. ఆ చివర చక్కెర డబ్బా. అదే బండ. "ఒకటే పొగమంచు. ఎదురుగా రాయి. ఓడ నేరుగా దాని మీదికే పోతోంది. ఎటు తిప్పుతారు?"

"ఎటైనా నాకు ఫరవాలేదు," అన్నాడు వెర్లిన్.

గిన్నెని జానెడు ముందుకు జరిపాను.

"వెర్లిన్ గారి ఇష్టమే నా ఇష్టం," అంది కోరిన్.

ఇంకో జానెడు.

"నువ్వు ముప్పై ఏళ్ళు చుక్కాని పట్టినవాడివి కదయ్యా!" అన్నాను.

"చుక్కాని పట్టినవాడు చెప్పినట్టు తిప్పుతాడు మార్లిస్. ఎటు తిప్పాలో కెప్టెన్ చెప్పాలి. కోరిన్, నీకు కుడివైపు ఇష్టమా?"

"నాకని కాదు, మీకు ఎడమ ఇష్టమైతే..."

గిన్నెకీ డబ్బాకీ మధ్య బెత్తెడు కూడా లేదు. కావాలనే హిల్మా వైపు చూడలేదు. ఓడ మునిగితే మునిగిందనుకుని గిన్నె మీద చేయి వేశాను.

"ఎడమకి తిప్పవయ్యా మహానుభావా!"

బల్ల మీద కప్పులు గలగలలాడాయి. నాలుగొందల మంది పిల్లలని వరసలో నిలబెట్టిన గొంతు అది. హిల్మా లేచి నిలబడింది. "కోరిన్, తెరచాప దించు! మీరు మర్యాదలు చేసుకుంటూ కూర్చుంటే బండ పక్కకి జరుగుతుందా? ఉన్న ప్రాణాలన్నీ సముద్రంలో కలుపుతారా ఏం? కదలండి!"

మాట్లాడుతూ మాట్లాడుతూనే టోపీ అందుకుని తలకి పెట్టుకుంది. ఇరవై ముఖాల పాచిక తనే తీసి విసిరింది. పదో, అంతకన్నా ఎక్కువో రావాలి. పదకొండు పడింది. నేను పులుసు గిన్నెని చక్కెర డబ్బా అంచు రాసుకుంటూ అవతలికి దాటించాను.

హిల్మా తల తడుముకుని, టోపీ చేతికి తగిలేసరికి కంగారుపడింది. కోరిన్ గొంతు సవరించుకుంది.

"ఎవరూ ఇవ్వలేదు. ఆవిడ ఎవర్నీ అడగలేదు. చెల్లుతుంది."

"సరిపోయిందా?" అని హిల్మా నన్ను అడిగింది.

"కొలిచి కుట్టినట్టుంది," అన్నాను.

హిల్మా కూర్చుని, రబ్బరు తీసుకుని కాగితం మీద రాసింది చెరిపింది. అంతలోనే ఆగిపోయింది. "మరి వైద్యం ఎవరు చూస్తారు? ఎవరో ఒకరు ఉండాలిగా."

వెర్లిన్ బడిపిల్లాడిలా చేయి ఎత్తాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నేనుంటా. పదకొండేళ్ళుగా నాకు అదే కావాలనుంది. నీకు ఇష్టమేమో, లాక్కున్నట్టు ఉంటుందని అడగలేదు."

హిల్మా అతని వైపు చాలాసేపు చూసింది. ఏడు కథలు, పదకొండేళ్ళ కట్లు ఆమె కళ్ళ ముందు తిరిగినట్టున్నాయి. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. పకపకా నవ్వింది. పళ్ళెంలో మిగిలిన ఆఖరి ముక్కని కోయకుండా, సగం చేయకుండా, మొత్తంగా తీసుకుని నోట్లో పెట్టుకుంది. వేళ్ళు కూడా నాకింది.

"ఇంకేమైనా ఉన్నాయా మార్లిస్?" అంది.

ఆ మాట మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. ఉన్నాయి, రేపు చర్చికని గుమ్మం బయట చలిలో ఉంచిన పళ్ళెం నిండుగా ఉన్నాయి. తెచ్చి కెప్టెన్ ముందు పెట్టాను.