అందరికీ ఒకే కీబోర్డు

సోమ్లీ ఎడమ చేతికి చిటికెన వేలూ, ఉంగరపు వేలూ లేవు. చిన్నప్పుడు గడ్డి కత్తిరించే మిషన్‌లో పోయాయి. షిఫ్టు నొక్కిపట్టి టైపు చేయడం ఆమెకు కుదరదు. అందుకని పెద్దక్షరాలు కావలసినప్పుడు క్యాప్స్ లాక్ ఒకసారి కొట్టేది, పని అయ్యాక కుడి చిటికెన వేలితో షిఫ్టు తాకేది. తాకగానే లాక్ వదిలేది. పాత టైపు మిషన్ల పద్ధతి అది. మహబూబాబాద్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆమె నేర్చుకున్నదీ అలాంటి మిషన్ మీదే. భూపాలపల్లి ఆఫీసులో చేరిన కొత్తలో పక్క సీటు డేవిడ్ ఆమె అవస్థ చూసి, సెట్టింగుల్లోకి వెళ్లి ఆమె కంప్యూటర్‌నీ అలాగే మార్చిపెట్టాడు. ఆ తర్వాత ఆమె కొట్టిన కాగితం ఏదీ వెనక్కి రాలేదు.

ఇప్పుడు కాంట్రాక్టు టైపిస్టులకు ఇంగ్లిషు టైపు పరీక్ష పెట్టారు. తప్పినవాళ్లు నెలాఖరుకు ఇంటికి పోవాలి. పరీక్ష పక్క హాల్లో, కొత్త కంప్యూటర్ల మీద.

నడిపేది సూపరింటెండెంట్ హరిలాల్. ఆయనదీ సోమ్లీ వాళ్ల తండానే. పొద్దున వరండాలో ఎవరూ లేనప్పుడు ఆమె ఆయన్ని తమ భాషలో భియా అని పిలిచి, అన్నతో చెప్పుకున్నట్టు తన బాధ చెప్పుకుంది. వేళ్లు లేనందుకు వికలాంగుల సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుకు పోతే ఇంతమాత్రానికి రాదని పంపించేశారని కూడా చెప్పింది. ఆయన అటూ ఇటూ చూసి, లోపలికి వచ్చాక సెట్టింగు మార్చమని డేవిడ్‌కు సైగ చేస్తాలే అన్నాడు. ఆ మాటతో సోమ్లీకి కాస్త ఆకలి తెలిసింది. డబ్బా తెరిచి సగం రొట్టె తిన్నది.

హాల్లో అందరూ కూర్చున్నారు. సైగ ఆలస్యమైంది. డేవిడ్ ఆగలేక లేచి, అందరూ వినేలా అడిగాడు.

“సార్, సోమ్లక్క మిషన్ల షిఫ్టు కొడితే క్యాప్స్ పోయేటట్టు పెడ్త. నిమిషం పని. ఎవరో కాదు గద సార్, మీ తండా ఆడబిడ్డనే.”

వెనక వరసలోంచి మరో టైపిస్టు రోహిత్ గొంతు వినిపించింది. “మాక్కూడ ఒక తండా సూపియ్యి సార్, పోయి పుట్టొస్తం.”

హాలంతా నవ్వింది. ఆ నవ్వును హరిలాల్ ఎన్ని ఆఫీసుల్లో విన్నాడో సోమ్లీకి తెలియదు గానీ, ఆయన చెవులు ఎర్రబడడం మాత్రం చూసింది. ఇక ఆయన ఆమె వైపు తిరగలేదు.

“స్టాండర్డ్ ఏం చెప్తది డేవిడ్? క్యాప్స్ కొడితే పడాలె, మళ్ల క్యాప్స్ కొడితేనే పోవాలె. షిఫ్టు పట్టుకున్నంతసేపే. అందరికి గదే. కూసో.”

పరీక్ష మొదలయ్యాక సోమ్లీ శీర్షిక బాగానే కొట్టింది. మళ్లీ క్యాప్సే నొక్కాలని మనసులో అనుకుంటూనే ఉంది. కానీ చిటికెన వేలు తన అలవాటు కొద్దీ షిఫ్టు తాకి వచ్చేసింది. కళ్లు కాగితం మీదే ఉండాలని, తెర చూడకూడదని నేర్పిన చదువు ఆమెది. తలెత్తేసరికి పేరా అంతా పెద్దక్షరాలు. చెరిపి మళ్లీ మొదలుపెట్టింది. తర్వాతి శీర్షిక దగ్గర వేలు మళ్లీ అదే పని చేసింది. ఈసారి చెరపడానికి టైం లేదు. వెనకనుంచి ఎవరో చూసి కిసుక్కుమన్నారు.

మధ్యాహ్నానికి ఆమె తప్పిందని చెప్పారు. ఆ వెంటనే హరిలాల్ పిలిచి, పరీక్ష రిపోర్టు సాయంత్రంలోగా పైకి పంపాలని, టైపు చేసి పొమ్మని అన్నాడు.

ఆమె తన పాత సీట్లో కూర్చుంది. కీబోర్డు మీది దుమ్ము ఎవరో తుడిచి ఉంచారు. డేవిడ్ తల ఎత్తలేదు. పరీక్ష స్టాండర్డ్ ప్రకారం జరిగిందని, ఎవరికీ ఏ మినహాయింపూ ఇవ్వలేదని రాయాలి. శీర్షిక పెద్దక్షరాల్లో కొట్టి షిఫ్టు తాకింది. లాక్ ఎప్పటిలాగే వదిలింది.

హరిలాల్ కాగితం పైనుంచి కిందికి చదివాడు. దిద్దడానికి పెన్ను పట్టుకున్నవాడు ఎక్కడా ఆపలేదు. చివరికి వచ్చి, తమ భాషలో కాకుండా తెలుగులోనే అన్నాడు.

“పొద్దుగాల గూడ గిట్లనే కొడితే అయిపోతుండె గద, సోమ్లీ.”

సంతకం పెట్టి, ఆమెను పోతూ పోతూ తలుపు దగ్గరకు వేయమన్నాడు.