హాకిం ఒళ్ళు విదిలించని శనివారం

మా అమ్మ మొక్కుకున్న వారంలోనే మేకపిల్లని కొనేశాను. దసరా, దీపాల పండగ రెండూ వెళ్ళిపోయిన కార్తీక మాసం అది. ఆ రోజుల్లో మేకల ధర నేలమీద ఉంటుంది. మొక్కు తీరేనాటికి ముదురు పోతుని కొనాలంటే మూడు రెట్లు పెట్టాలి. పిల్లని ఇప్పుడే కొంటే మేపు ఖర్చు లేదు. కాలిమాటి కూరగాయల బజారు మా కొట్టుకి ఎదురుగానే ఉంది, సాయంత్రమయ్యేసరికి క్యాబేజీ ఆకులు కుప్పలుగా పారేస్తారు. మాది ఆవనూనె గానుగ, నూనె తీయగా మిగిలిన చెక్కకి లోటు లేదు. ఎటు చూసినా లాభమే.

మొక్కు సంగతి చెప్పాలి. రోడ్డు వెడల్పు చేస్తామంటూ వచ్చినవాళ్ళు మా కొట్టు గోడమీద ఎర్రరంగుతో గీత కొట్టి వెళ్ళారు. ఆ గీత ప్రకారం గల్లాపెట్టె కొట్టులో మిగులుతుంది, దాని ముందు కూర్చునే నేను రోడ్డున పడతాను. అమ్మ దక్షిణకాళి గుడి ఉన్న దిక్కుకి తిరిగి చేతులు జోడించి, "ఈ గీత చెరిగిపోతే నీకు పోతుని తెస్తాను తల్లీ" అంది.

గీత నాలుగు నెలల్లో తేలుతుందని నా అంచనా. పదిహేను నెలలు పట్టింది. నా నష్టమంతా ఆ మిగతా పదకొండు నెలల్లోనే జరిగింది.

మేకపిల్ల పెరిగి పోతయింది. పొద్దున పదింటికి కొట్టులోకి వచ్చేది, నా మెత్తమీద కూర్చునేది, కాగితాలు వాసన చూసేది, కొన్ని తినేది, మధ్యాహ్నం కునుకు తీసేది, నాలుగింటికి వెళ్ళిపోయేది. అచ్చం ఆఫీసుల్లో పెద్ద కుర్చీ అధికారిలాగే ఉందని బజారంతా దాన్ని "హాకిం" అని పిలవడం మొదలెట్టారు. ఎవరైనా అతిగా బేరమాడితే హాకిం లేచి నెమ్మదిగా వాళ్ళ మోకాళ్ళని తలతో నెట్టుకుంటూ గుమ్మం దాకా సాగనంపేది. చలికాలంలో నా పాదాలమీద పడుకునేది. కుంపటి బొగ్గుల ఖర్చు సగానికి తగ్గింది. ఇదంతా ప్రేమ కాదు, లెక్క. అలాంటి పనివాణ్ణి ఎవరు పోగొట్టుకుంటారు?

మాఘంలో గీత చెరిపేశారు. అమ్మ ఆనందానికి పట్టపగ్గాలు లేవు. "వచ్చే శనివారమే వెళ్ళాలి" అంది.

నా ఇబ్బంది ఇదీ. మొక్కు వద్దనే నోరు నాకు లేదు. అమ్మవారి బాకీ ఎగ్గొట్టానన్న బెంగతో అమ్మ మంచం పట్టేస్తుంది. పైగా పిండేసిన నిమ్మచెక్కని పారేసినందుకు పెళ్ళాంతో రెండు రోజులు మాట్లాడని మనిషిగా నాకు బజార్లో పేరుంది. అష్టమాన్ మానంధర్ మేకపోతు కోసం కంట నీరు పెట్టాడని తెలిస్తే రేపటినుంచి నా తూకాన్ని ఎవడూ లెక్కచేయడు.

దారి ఒక్కటే ఉంది. అమ్మవారి ముందు మేక మీద నీళ్ళు చల్లుతారు. అది ఒళ్ళు విదిలిస్తే ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే అమ్మవారికి అక్కర్లేదన్నమాట, బొట్టు పెట్టి వదిలేస్తారు. మొక్కూ తీరుతుంది, మేకా మిగులుతుంది. అంటే హాకిం ఒంటికి నీళ్ళు తగలకూడదు. నీళ్ళు తగలనివ్వని సరుకు నా కొట్టు నిండా ఉంది.

శనివారం తెల్లవారుజామున గానుగ గదిలో మొదటి పిండుడు నూనె తీసి హాకిం వీపుకీ, మెడకీ, తలకీ వెంట్రుకల మొదళ్ళ దాకా ఇంకేలా పట్టించాను. నల్లమేక కనక మెరిసిందే తప్ప అనుమానం రాలేదు. పోతు కంపు ముందు నూనె వాసన ఎంత? చెవుల్లో దూది పెడితే తెల్లగా కనబడుతుందని దండెం మీది నల్ల శాలువా అంచునుంచి కాస్త ఉన్ని పీకి, నూనెలో ముంచి కుక్కాను. పొట్టకీ కాళ్ళకీ రాయలేదు. చల్లేది పైనుంచే కదా, అడుగున రాయడం దండగ.

ఆరింటికి మైక్రో బస్సు వచ్చింది. డ్రైవరు ఫురుబా. నాకు నేరుగా దక్షిణకాళికి వెళ్ళి రావాలని ఉంది. కానీ నా భార్య తారాకేశరి, ఆమె తమ్ముడు రత్నకాజీ ముందే వేరే దారి గీసుకున్నారు.

"దారిలో తౌదహా చెరువు దగ్గర ఆగాలి బావా, చేపలకి మరమరాలు వేద్దాం" అన్నాడు రత్నకాజీ.

"శేషనారాయణ దర్శనం కూడా" అంది తారాకేశరి.

"అన్నీ నీళ్ళున్న చోట్లే చెప్తారేంటి?"

"నీళ్ళకీ మీకూ ఏం తగువండీ? బండిని రోజంతటికీ మాట్లాడింది మీరే. ఒక్క గుడి చూసి వెనక్కొస్తే మీకే కదా నష్టం?"

నా మాటే నాకు అప్పజెప్పింది. నోరు మూసుకుని ఎక్కాను. హాకిం వెనక సీటులో కిటికీ పక్కన కూర్చుంది. ముందు సీటులో అమ్మ జపమాల తిప్పుకుంటోంది.

బల్ఖు దాటి చోభార్ దగ్గర జలవినాయకుడికి మొక్కడానికి మొదటిసారి ఆగాం. ఏ పని చేసినా గణేశుడు ముందు. అక్కడ పూజారి అందరి తలలమీదా తీర్థం చిలకరించాడు. నాలుగు చుక్కలు హాకిం వీపుమీద పడ్డాయి. చుక్కలు తామరాకు మీద దొర్లినట్టు దొర్లి కిందపడ్డాయి. హాకిం నిమ్మళంగా నెమరు వేస్తోంది. మచ్చు సరుకు బాగుంది.

తౌదహా దగ్గర నా పొదుపు నన్ను కాటేసింది. రత్నకాజీ ఒక చేత్తో హాకిం తాడు, ఇంకో చేత్తో మరమరాల పొట్లం పట్టుకుని చెరువు గట్టున నిలబడి ఫొటో తీయమన్నాడు. ఒక పిడికెడు మరమరాలు నీళ్ళలోకి విసిరాడు. హాకింకి మరమరాలంటే ప్రాణం. ఒక్క గెంతున పొట్ట దాకా నీళ్ళలో దిగిపోయింది. చేపలు చెల్లాచెదురయ్యాయి. బయటికి లాగేసరికి, నూనె లేని పొట్టా కాళ్ళూ తడిసి, కొమ్ము మొదలు తోక దాకా దడదడమని విదిలించింది.

"విదిలించింది!" రత్నకాజీ ఎగిరి గంతేశాడు. "అక్కా, చూశావా? ఒప్పేసుకుంది! ఇంక అక్కడ నీళ్ళు చల్లే పనే లేదు, నేరుగా కత్తి కిందకే. మధ్యాహ్నానికి కూర."

నా గుండె గానుగలో పడింది. కానీ ఈ రత్నకాజీ ఒక సర్కారీ ఆఫీసులో గుమాస్తా. కిందటేడు నా కాగితం ఒకటి మూడుసార్లు వెనక్కి పంపాడు.

"రత్నకాజీ, నేను ఇంటి దగ్గర సంతకం పెట్టి పట్టుకొస్తే నువ్వేమన్నావు?"

"ఏమన్నాను?"

"'ఎంత బావవైనా నా కళ్ళెదుట పెట్టని సంతకం చెల్లదు' అన్నావు. నీ కుర్చీకే అంత ఉంటే అమ్మవారి పీఠానికి ఉండదా? ఇది తౌదహాలో పెట్టిన సంతకం. దక్షిణకాళిలో చెల్లుతుందా?"

వాడు పొట్లంలో మిగిలిన మరమరాలు నా చేతిలో పోశాడు. "అది వేరు..."

"ఎట్లా వేరు?" అంది ముందు సీటులోంచి అమ్మ. "ఆఫీసు నియమం ఆఫీసువాడే తప్పితే ఎట్లా నాయనా? అమ్మవారి ముందే విదిలించాలి."

ఫురుబా నవ్వాపుకోలేక హారన్ కొట్టాడు.

శేషనారాయణ దగ్గర మెట్ల పక్కనే వరుసగా కోనేళ్ళు. తారాకేశరి హాకింని ఎగాదిగా చూసింది. "కాళ్ళకి బురద, ఒంటికి జిడ్డు. ఇట్లాగేనా అమ్మవారి దగ్గరికి తీసుకెళ్ళేది? ఇక్కడ శుభ్రంగా స్నానం చేయిస్తాను. సబ్బు కూడా తెచ్చాను."

సబ్బు! సబ్బు ముందు ఆవనూనె ఎంతసేపు నిలుస్తుంది?

"వద్దు. పాత చీర ఉతికి గంజి పెట్టి కొత్తదని అంటగట్టినట్టు ఉంటుంది. అమ్మవారు మనం దేన్నో దాస్తున్నామనుకుంటుంది."

"మేకలో దాచడానికి ఏముంటుందండీ?"

"అదే నేనూ అనేది. ఏమీ లేనప్పుడు కడగడం ఎందుకు?"

ఆమె సబ్బు సంచిలో వేసేసింది గాని దక్షిణకాళి దాకా నన్ను పక్క చూపుతోనే చూసింది. పదిహేడేళ్ళ కాపురంలో సబ్బు మిగిలినందుకు నేను సంతోషించని రోజు అదొక్కటే.

దక్షిణకాళిలో శనివారం రద్దీ ఎప్పటిలాగే ఉంది. బంతిపూల దండలు, కొబ్బరికాయలు, చంకల్లో కోళ్ళు, తాళ్ళకి మేకలు. లోయలోకి దిగే మెట్లమీద వరుస చీమల బారులా సాగుతోంది. మా వెనక ఒక ముసలావిడ పుంజుని చంకన పెట్టుకుని నిలబడింది. కాసేపు గాలి పీల్చి, ముందుకి వంగి నా చెవిలో గొణిగింది.

"మీ ఇంట్లో మేకకి కూడా ఎండలో కూర్చోబెట్టి నూనె మర్దనా చేస్తారా సాహుజీ? మా మనవడికి చేసినట్టు?"

"జలుబు చేసింది అవ్వా" అన్నాను మెల్లగా.

"అయ్యో పాపం." మేకని చూసింది, నన్ను చూసింది, బోసినోరు విప్పి నవ్వింది. "మా పుంజుకీ పొద్దుట్నుంచి ఒకటే జలుబు. ఆ నూనె కాస్త మిగిలిందా?"

మిగల్లేదని చెప్పాను. జీవితంలో మొదటిసారి, ఊరికే అడిగినవాళ్ళకి సరుకు లేదన్నందుకు బాధ కలిగింది.

మా వంతు వచ్చింది. పూజారి హాకిం నొసట కుంకుమ పెట్టి, అక్షతలూ బంతిపూల దండా వేసి, చెంబుతో నీళ్ళు చల్లాడు. నీళ్ళు ముత్యాల్లా వీపుమీద నిలబడి జారిపోయాయి. హాకిం మెడలోని బంతిపూల దండని అందుకుని నమలసాగింది.

రెండోసారి చల్లాడు. హాకిం రెండో పువ్వు తింది.

వెనక వరుసలో గుసగుసలు మొదలయ్యాయి. అమ్మ కళ్ళు మూసుకుని చేతులు జోడించి నిలబడింది. ఆ చేతులు వణకడం చూసి నాకు మొదటిసారి సిగ్గేసింది. అమ్మవారు కాదన్నదని ఆమె మనసు విరిగిపోతే? ఈ పద్దు నేను లెక్కలో వేసుకోలేదు.

"చెవిలో పోయండి!" రత్నకాజీ అరిచాడు. "చెవిలో పోస్తే ఎంతటిదైనా విదిలిస్తుంది!"

పూజారి మూడోసారి చెంబెత్తి కుడి చెవిమీద వంచాడు. హాకిం చెవి ఒక్కసారి అల్లాడింది. మెడ కొంచెం వంగింది. ముందుకాళ్ళు కాస్త ఎడం జరిపింది. ఆ నిలబడే తీరు నాకు తెలుసు, విదిలించే ముందు అట్లాగే నిలబడుతుంది. నా చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళి, తౌదహాలో మిగిలిన నాలుగు మరమరాలు తీసి నేలమీద రాల్చింది.

హాకిం విదిలించడం మాని వంగి మరమరాలు ఏరుకుంది.

"అమ్మవారు దీన్ని వదిలేసింది" అన్నాడు పూజారి. "కొబ్బరికాయా గుడ్డూ సమర్పించండి. దీన్ని ఇక అమ్మకూడదు, కొయ్యకూడదు. బతికినంతకాలం మేపాలి."

అమ్మకూడదు, కొయ్యకూడదు, మేపాలి. పుట్టి బుద్ధెరిగాక ఇంత నష్టపు బేరం నేను చేయలేదు. నవ్వు దాచుకోవడానికి వంగి చెప్పులు వెతుక్కున్నాను, అవి పైన మెట్ల దగ్గర ఉన్నాయి.

గుడికి పైన పైన్ చెట్ల కింద చాప పరిచాం. రత్నకాజీ మొహం ఎండిన ముల్లంగిలా ఉంది. "ఇప్పుడేం తింటాం? ఒట్టి అటుకులా?"

అప్పుడు నేను వ్యాపారిగా నా జీవితంలోనే పెద్ద తప్పు చేశాను. బస్సు సీటు కింద దాచిన రెండు గిన్నెలు తీసి మూతలు తెరిచాను. ఒకదాంట్లో కాల్చి కారం పట్టించిన గేదె మాంసం, ఇంకోదాంట్లో వేయించిన గుడ్లు. అందరి ఆకలీ లెక్కేసి ముందురోజే హోటల్లో చెప్పి చేయించినవి.

రత్నకాజీ గిన్నెలవైపు చూశాడు. హాకింవైపు చూశాడు. గుమాస్తా బుర్ర కదిలింది.

"బావా, ఒక్క సందేహం."

"ముందు తిను."

"తింటాను. మేకని కోయడానికి తీసుకొస్తూ, ఇంతమందికి సరిపోయే మాంసం ముందే ఎందుకు తెచ్చావు? మేక విదిలించదని నీకు ముందే తెలుసా?"

తారాకేశరి కూడా ప్లేటు కింద పెట్టి నావైపు తిరిగింది. సబ్బు సంగతి ఆమె కళ్ళల్లో మళ్ళీ కనబడింది. నేను గుడ్ల గిన్నె ఆమె ముందుకి జరిపాను.

"నేనే తెమ్మన్నాను" అంది అమ్మ.

అందరం ఆమెవైపు చూశాం. అమ్మ అటుకుల్లో మాంసం కలుపుకుంటోంది.

"పోతు ముదిరిపోయింది, ఉడకడానికి సాయంత్రమవుతుంది, అందాకా మీ ఆకలికి ఏదైనా పట్టుకురా అన్నాను. తప్పా? నీకు వద్దంటే ఆ ప్లేటు ఇటివ్వు రత్నకాజీ."

వాడు ప్లేటు ఇవ్వలేదు. ఆ తర్వాత సందేహాలూ రాలేదు. మూడోసారి వడ్డించుకుని చెట్టుకింద గురక పెట్టాడు. తారాకేశరి గిన్నెలు తీసుకుని, ఫురుబాని తోడు రమ్మని కుళాయి దగ్గరికి వెళ్ళింది.

నిజానికి అమ్మ నన్ను ఏదీ తెమ్మనలేదు, నిన్నగానీ మొన్నగానీ. నేను ఆమె దగ్గరికి జరిగి కూర్చున్నాను. ఆమె హాకింని దగ్గరికి లాక్కుని, చెవిలో చూపుడువేలు పెట్టి నల్ల ఉన్ని ఉండ బయటికి తీసింది. రెండో చెవిలోదీ తీసింది. రెండిటినీ అరచేతిలో పెట్టి ఎండలో చూసింది.

"ఇది మా పుట్టింటి శాలువా. ఈసారి పాత గోనెసంచి పీకు."

"అమ్మా, మరి అక్కడ నీ చేతులు వణికాయి..."

"వణకవా మరి? నువ్వు నూనె సరిగ్గా రాశావో లేదోనని. ప్రతిదాంట్లో పొదుపు చేస్తావు కదా."

చెంబులో మిగిలిన నీళ్ళతో చెయ్యి కడుక్కుంది. నాలుగు చుక్కలు హాకిం చెవిలో పడ్డాయి. అంతే, కొమ్ముల దగ్గర మొదలెట్టి తోక దాకా, పొద్దుటినుంచి దాచుకున్నదంతా కలిపి దడదడలాడిస్తూ విదిలించింది. నా తెల్ల చొక్కా నిండా నూనె మరకలు, లేచి నేనూ ఒళ్ళు విదిలించుకున్నాను.

నేను గభాలున రత్నకాజీవైపు చూశాను. గురక ఆగలేదు.

"ఇప్పుడా విదిలించేది, గాడిదా" అంది అమ్మ.

"మేకేం చేస్తుందమ్మా, నోరులేని జీవం."

"నేను అన్నది దాన్ని కాదు" అని, అమ్మ తన ప్లేటులో మిగిలిన అటుకులు హాకిం ముందు పోసింది.