వంటగది తూము

మా అత్తగారి పుట్టింటివాళ్ళకు ఊళ్ళో ఉన్న పేరు "దారిచ్చినవాళ్ళు". ఇది ఆరువందల ఏళ్ళ నాటి సంగతి. శత్రువులు మా కోటను చుట్టుముట్టి, కందకం దాటలేక మూడు నెలలు పడిగాపులు కాసి, విసుగెత్తి మూటాముల్లె సర్దుకుంటుంటే, కోటలో వంట చేసే ఆవిడ రహస్య సొరంగం చూపించి లోపలికి పిలిచిందట. ఆవిడ మా అత్తగారికి ఇరవై తరాల కిందటి అవ్వ. కోటలో ఇప్పుడు మిగిలినవి ఒకటిన్నర బురుజు, వంటగది నేల, నీళ్ళకన్నా నాచు ఎక్కువున్న కందకం. ఈ మాట మాత్రం చెక్కుచెదరలేదు. కొత్త కోడలిగా వచ్చిన అత్తగారికి ఇంటి తాళాలు ఇవ్వడానికి ఆవిడ అత్తగారు ఏడాదిపాటు ఆలోచించారట.

మా ఆయన కోట దగ్గర టిక్కెట్లు ఇస్తారు. ఓ సోమవారం, కొత్తగా పెట్టబోయే శిలాఫలకం తాలూకు కాగితం ఇంటికి తెచ్చారు. రాసింది కాలేజీలో నాకు పాఠం చెప్పిన చరిత్ర మేష్టారే. నేను ముందూ వెనకా చూసుకోకుండా పైకి చదివేశాను. "వంటకత్తె ద్రోహం" దగ్గర అత్తగారు బఠాణీలు వలవడం ఆపేశారు.

"రాతి మీద చెక్కుతారా?"

"గురువారం," అన్నారు మా ఆయన, చెప్పులు విప్పుతున్నట్టు తల వంచేసి.

"నోటిమాటని నోటితోనే తిప్పికొట్టాను ఇన్నేళ్ళూ. రాయినేం చేస్తానే అమ్మాయ్?" అన్నారావిడ నాతో.

ఆ ఏడు పూడిక తీయడానికి కందకం తోడేశారు. గోడ అడుగున మనిషి వంగి దూరేటంత కన్నం బయటపడింది. అదే సొరంగమని మేష్టారు తేల్చేశారు. కాగితం చదివిన మర్నాడు, మంగళవారం, నేనూ వెళ్ళి చూశాను. దాని అడుగు బయటికి వాలుగా, నున్నగా ఉంది. మధ్యలో నీళ్ళు పారి పారి గాడి పడింది. కాలేజీలో చరిత్ర చదివిన మాట నిజమే కానీ, ఆ గాడిని గుర్తుపట్టింది మాత్రం పదహారేళ్ళుగా గిన్నెలు తోముతున్న మనిషి. ఇది తూము! తూమైతే, పైన వంటగదిలో దానికో జల్లెడ ఉండి తీరాలి.

వంటగది మూల ఇటుక ముక్కలూ చూడవచ్చినవాళ్ళు పారేసిన తొక్కలూ బండెడున్నాయి. బుధవారం అత్తాకోడళ్ళం చీపుళ్ళతో దిగాం.

"అనుమతి లేకుండా తవ్వకూడదు," అని మా ఆయన గాభరాపడ్డారు.

"తవ్వట్లేదండీ, ఊడుస్తున్నాం. ఊడవడానికి మాకు ఎవరైనా ఎప్పుడైనా అనుమతి ఇచ్చారా?"

మధ్యాహ్నానికి ఏడు కన్నాలున్న పెద్ద రాతిపలక తేలింది. అత్తగారు ఒక కన్నంలో చెయ్యి పెట్టారు. గాజుల దగ్గర ఆగిపోయింది. ఆవిడ చెయ్యి తీయకుండా అలాగే కూర్చుని నవ్వారు. అంత పెద్దగా నవ్వగలరని నాకు ఆ రోజే తెలిసింది.

గురువారం శిల్పి ఉలి పట్టుకుని వచ్చాడు. మేష్టారు కందకంలో నిలబడి కోట అధికారికి సొరంగం గొప్పదనం చెబుతున్నారు. పైనుంచి నేను, "మేష్టారూ, కాస్త పక్కకి..." అనేలోపే అత్తగారు బకెట్టెడు సబ్బునీళ్ళు పలక మీద గుమ్మరించేశారు. కింద మేష్టారి బూట్లు నురగలో మునిగాయి.

ఇద్దరూ ఆదరాబాదరాగా పైకొచ్చారు. ఏడు కన్నాలూ చూసి మేష్టారు గొంతు సవరించుకున్నారు. "ఈ పలక తర్వాతెప్పుడో పెట్టి ఉండొచ్చు."

శిల్పి మోకాళ్ళ మీద కూర్చుని పలక అంచంతా తడిమాడు. "గోడ దీని మీదే నిలబడింది సార్. తర్వాత పెట్టాలంటే ముందు గోడని ఎవరైనా ఎత్తి పట్టుకోవాలి."

మేష్టారు పెద్దమనిషి. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దాచేసుకుని, "నేను బయటినుంచే చూశానమ్మా. వంటగదిలోకి రాలేదు," అన్నారు.

అధికారి మాత్రం ఊరుకోలేదు. "అయితే శత్రువుల్ని రానిచ్చింది ఎవరు?"

"గుమ్మానికి కాపలా మగాళ్ళేగా బాబూ," అన్నారు అత్తగారు, చీర కుచ్చెళ్ళు దులుపుకుంటూ. "ముందు వాళ్ళనడగండి."

ఫలకం ఆ రోజే చెక్కారు. మాటలు అత్తగారివి, తప్పులు దిద్దింది మేష్టారు: "ఇది వంటగది తూము. దీనిగుండా కడుగునీళ్ళు బయటికి పోయాయి. లోపలికి ఎవరూ రాలేదు."

ఇప్పుడు అత్తగారు రోజూ సాయంత్రం కోటకి నడకకి వెళతారు. చూడవచ్చినవాళ్ళు కనిపిస్తే చాలు, "కళ్ళజోడు మరిచొచ్చాను, కాస్త ఆ రాయి చదివిపెట్టు నాయనా," అంటారు. మొత్తం విని, "ఏదీ, ఇంకొంచెం గట్టిగా," అంటారు. కళ్ళజోడు ఆవిడ నెత్తి మీదే ఉంటుంది.