ములుగు రోడ్డు మీద నీడ బస్సు

కైలాసం ఇల్లు వరంగల్ కొత్తవాడలో. ఆ గల్లీలో ఇంటింటికీ జంపఖానాల మగ్గం ఉండేది. కైలాసం ఇంట్లో మగ్గం మీద అతని భార్య అనసూర్య కూర్చునేది. అతను మాత్రం ఇరవై రెండేళ్లుగా బస్సు తోలుతున్నాడు. పొద్దున ఐదున్నరకు లేచి, ఉడుకునీళ్లు పోసుకొని, జొన్నరొట్టెల డబ్బా చంకన పెట్టుకొని స్టాండుకు పోయేవాడు. టైర్లు తట్టి చూసి, రేడియేటర్‌లో నీళ్లు పోసి, అద్దం తుడిచి, సరిగ్గా ఏడున్నరకు హారన్ కొట్టేవాడు. వరంగల్ నుంచి ములుగు, పస్రా మీదుగా తాడ్వాయి. మళ్లీ సాయంత్రానికి వాపసు.

బస్సు వెళ్లిన పావుగంటకు దాని నీడ వెళ్లేది.

కొన్న రోజు నుంచీ ఆ బస్సు తీరే అంత. బస్సు అందనివాళ్లు మూటలు దించుకొని, ఓ బీడీ కాల్చుకునేలోపు రోడ్డు మీద నల్లగా, చల్లగా నీడ వచ్చి ఆగేది. ఎక్కి కూర్చునేవాళ్లు. కండక్టర్ యాకయ్య ఆత్మకూరు దాకా బస్సులో టికెట్లు కొట్టి, అక్కడ దిగి, నీడ ఎక్కి మిగతావి కొట్టేవాడు. కుదుపు లేదు, దుమ్ము లేదు అని ముసలివాళ్లు కావాలని బస్సు వదిలేసి నీడ కోసమే ఆగేవాళ్లు. పొద్దున పూట నీడ పొడుగ్గా సాగి వంద మందికైనా చోటుండేది. నడి మధ్యాహ్నం అయితే ఇరవై మందికే ఇరుకు. మబ్బు పట్టిన రోజు సర్వీసు లేదు. అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఎవరూ అడిగేవాళ్లు కాదు.

డెబ్బై ఎనిమిదిలో, మేడారం జాతర ఆరు రోజులుందనగా, బస్సు ఓనరు రాజలింగు కైలాసాన్ని పిలిచాడు. చేతిలో ఇంగ్లీషు ఉత్తరం ఉంది. బస్సు తయారుచేసిన కంపెనీ రాసింది. ఆ నెలలో తయారైన బండ్లన్నిటికీ స్టీరింగ్ రాడ్డు ఇనుము సరిగ్గా కుదరలేదట. లోపల్లోపల పగిలి ఎప్పుడైనా విరగొచ్చట. బండి నడపకుండా ఆపి వాపసు పంపితే కొత్త రాడ్డు వేసి ఇస్తారట.

"జాతర ఎల్లంగనే పంపుదాం కైలాసం," అన్నాడు రాజలింగు. "రెండేండ్లకోసారి వచ్చే జాతర. జనమంతా మన బస్సు మీదనే ఆశ పెట్టుకున్నరు."

"ఇరిగేది జాతర ఎల్లినంకనే అని రాసిండ్లా సేటూ, అండ్ల?"

రాజలింగు చెడ్డవాడు కాదు. అందుకే తల తిప్పుకున్నాడు. "నీకు భయమైతే చెప్పు. యాదగిరిని తోలుమంట."

కుర్ర డ్రైవరు యాదగిరికి ఇరవై నాలుగేళ్లు. మూల మలుపులు ఒంటిచేత్తో తిప్పుతాడు. లోపల తొంభై మంది, టాపు మీద ఇంకో ముప్పై మంది కళ్ల ముందు కదిలారు కైలాసానికి. "వద్దు సేటూ. నేనే తోల్త," అన్నాడు.

ఇంటికి వచ్చి గడపలో కూర్చొని జరిగింది చెప్పాడు. మగ్గం మీద అనసూర్య చేతిలో నూలు కండె ఆగిపోయింది.

"నువ్వు తోలితే ఇరగదా?"

"ఇరుగుతది."

"మరి?"

"ఖాళీ బండి తోల్త. జనమంతా వెనకాల నీడల వత్తరు. నీడ ఇరిగేది కాదు, పగిలేది కాదు. కానీ ముందుగాల బస్సు పోకుంటె అది కదలది. ఎవలో ఒగలు తోలాలె గద."

అనసూర్య మళ్లీ మగ్గం మీదికి వంగింది. నాలుగు పోగులు నేసింది, మళ్లీ ఆపింది. "నేను సుత వత్త," అంది.

"వత్తె నీడల రా. బస్సుల మాత్రం ఎక్కకు."

జాతర రోజు పొద్దున స్టాండంతా పసుపు వాసన, బెల్లం వాసన. అమ్మవార్లకు మొక్కిన బెల్లాన్ని ఆ నాలుగు రోజులూ బంగారం అంటారు. తలల మీద బంగారం మూటలతో జనం బస్సు మీదికి ఎగబడ్డారు. కైలాసం తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఎక్కకుండ్లి. కంపెనీ దీన్ని వాపసు పిలిచింది. దీంట్ల దోషమున్నది. వెనకాల నీడ వత్తాంది, అండ్ల రాండ్లి."

"గట్లయితే నువ్వెందుకు ఎక్కుతానవ్ కొడుకా?" అని అడిగింది రాములవ్వ. పరకాల ముసలమ్మ, మనవరాలి ఎత్తు బంగారం మొక్కుకొని వచ్చింది.

"నేను పోకుంటే నీడ రాదవ్వా."

ముసలమ్మ అతని ముఖం చూసి, మూట దించి పక్కకు జరిగింది. ఆమెను చూసి మిగతావాళ్లూ జరిగారు.

ఖాళీ బస్సు కదిలింది. ఒక్క సీటూ నిండని బస్సు తోలడం కైలాసానికి అదే మొదలు. కిటికీలు గలగలమంటుంటే ఎవరో నవ్వుతున్నట్టుండేది. ములుగు దాటాడు, పస్రా దాటాడు. ఎడ్లబండ్ల బాట వేరే ఉంది కాబట్టి అడవిలో రోడ్డు నిర్మానుష్యంగా ఉంది. మాఘమాసం, టేకు చెట్లు ఆకు రాల్చి ఎండను కిందికి వదిలాయి. ఎద్దును నిమిరినట్టు స్టీరింగును బుజ్జగిస్తూ మెల్లగా పోనిచ్చాడు.

తాడ్వాయి ఇంకో నాలుగు మైళ్లుందనగా, ఒక మలుపులో చక్రం అతని చేతుల్లో ఉత్తదైపోయింది. తిప్పితే తిరుగుతోంది గానీ బండి వినడం లేదు. బ్రేకు తొక్కేసరికే బస్సు రోడ్డు దిగి మద్దిచెట్టును గుద్దుకుంది.

కళ్లు తెరిచేసరికి ఎడమకాలు రేకుల మధ్య ఇరుక్కొని ఉంది. నెత్తురు కారుతోంది. కేక వేశాడు. అడవి కేక వాపసు ఇచ్చింది, అంతే. ఇక ఎండను చూస్తూ కూర్చున్నాడు. పావుగంట. ఇరవై రెండేళ్లలో ఆ పావుగంట ఎంత పొడుగో అతనికి ఎన్నడూ తెలియలేదు.

ముందు చలి వచ్చింది. తర్వాత మలుపులో రోడ్డు నల్లబడింది. నీడ బస్సు పక్కకు వచ్చి ఆగింది. అందులోంచి తొంభై మంది బిలబిలా దిగారు.

"అయ్యో నా మొగడో!" అంటూ అనసూర్య అందరికంటే ముందు ఉరికింది. మగవాళ్లు కొమ్మలు విరిచి రేకులు ఎత్తారు. యాకయ్య భుజాలు పట్టి లాగాడు. అనసూర్య కొంగు చించి తొడ మీద బిగించి కట్టింది. మగ్గం మీద పోగు ముడేసే చేయి, ముడి జారలేదు. నెత్తురు ఆగింది.

"దవాఖాన ములుగులనే," అన్నారు ఎవరో. "ఎట్ల పోవుడు? ముందుగాల బస్సు లేకపాయె."

యాకయ్య కైలాసాన్ని నీడలో పడుకోబెట్టాడు. అనసూర్య అతని తల ఒళ్లోకి తీసుకుంది. యాకయ్య నోట్లో విజిల్ పెట్టుకొని, రోజూ ఊదినట్టే, రెండుసార్లు ఊదాడు.

నీడ కదిలింది. మెల్లగా వెనక్కి మళ్లి ములుగు దారి పట్టింది.

"జర పైలంగ," అంది రాములవ్వ ఆ నీడతోనే. మూట తలకెత్తుకొని మేడారం వైపు నడవసాగింది. ఆమె వెంట అందరూ నడిచారు.

ఇంకో అరగంట ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నాడు ములుగు డాక్టరు. ఇరవై రోజులు ఉంచుకున్నాడు. రెండోరోజే రాజలింగు వచ్చాడు. మంచం పట్టె మీద కూర్చొని, ఉత్తరం మడత విప్పి, మళ్లీ మడిచి, "నేనే చంపెటోన్ని కైలాసం, అందర్ని," అన్నాడు. బస్సును లారీ మీదికెక్కించి కంపెనీకి పంపాడు. అది వచ్చేదాకా నీడ ఒక్కటే రోజూ ఏడూ ముప్పావుకు బయలుదేరి తాడ్వాయి పోయి వస్తోందని, ఎవరికీ ఇబ్బంది లేదని యాకయ్య వచ్చి చెప్పాడు.

దవాఖాన నుంచి పంపిన రోజు కైలాసం కర్ర పట్టుకొని, అనసూర్య భుజం ఆసరాతో రోడ్డు మీదికి వచ్చాడు. ఆ కాలు ఇక క్లచ్ తొక్కలేదని డాక్టరు చెప్పేశాడు. సాయంత్రం నీడ పొడుగ్గా వచ్చి ఆగింది. ఇద్దరూ ఎక్కారు. యాకయ్య కిటికీ పక్కన చోటు చూపించాడు.

ఇన్నేళ్లూ ముందుండి నడిపినవాడు, వెనక వచ్చేదాంట్లో ఎన్నడూ కూర్చోలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక కాసేపు కర్ర పట్టుకున్నాడు, కాసేపు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. నీడ చప్పుడు లేకుండా మల్లంపల్లి దాటింది. రోడ్డుకు అటూ ఇటూ మోదుగలు ఆకు లేకుండా ఎర్రగా పూసి ఉన్నాయి, కనుచూపు మేర.

"అనసూర్యా," అన్నాడు. "గీ తోవల ఇన్ని మోదుగుపూలున్నయా?"

"ఎప్పటికీ ఉన్నయి," అంది అనసూర్య. "నువ్వు రోడ్డే చూసినవ్."

కైలాసం చేతులు ఒళ్లో పెట్టుకొని, కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.