ఆపు మెషీను

నిల్జా చెయ్యి ప్రెస్సు కింద పడినప్పుడు నేను పక్క మెషీను మీదే ఉన్నాను. సావో పాలో శివార్లలో, దియాదెమాలో, అల్యూమినియం గిన్నెలు చేసే కంపెనీ మాది. పిల్ల అరవలేదు. చేతికేసి చూసుకుంటూ నిలబడిపోయింది. మేస్త్రీ ఒజోరియో పరుగెత్తుకొచ్చాడు. నిల్జా దగ్గరికి కాదు, ప్రెస్సు దగ్గరికి. జేబులోంచి గుడ్డ తీసి రేకు మీద నెత్తురు తుడిచి, "ఊఁ, కానివ్వండి. లారీ వచ్చే వేళయింది" అన్నాడు.

"ఆపు మెషీను!"

పాలిష్ సెక్షన్‌లోంచి వచ్చింది ఆ కేక. జురేమా అక్క. జుట్టు నెరిసిన మనిషి, ఏనాడూ మేస్త్రీ మొహంలోకి చూసి మాట్లాడి ఎరగదు. "ఒరే ఒజోరియో! ఆపరా మెషీను!" అని మళ్ళీ అరిచింది. మేమంతా అందుకున్నాం. ఆ పూట షెడ్డులో ఒక్క ప్రెస్సు తిరగలేదు.

ఆ కేకే పాటయింది. మా అన్నయ్య ఎద్మిల్సన్‌ని సమ్మె చేశాడని కార్ల ఫ్యాక్టరీ నుంచి తీసేశారు. అప్పట్నుంచి స్నేహితులతో కలిసి చర్చి వెనక హాల్లో పంక్ పాటలు పాడేవాడు. రాగం తక్కువ, కోపం ఎక్కువ. డ్రమ్ములు ఏ ఒక్కడివీ కావు, అన్ని బృందాలవీ. అన్నయ్య మా ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి, జరిగింది మళ్ళీ మళ్ళీ చెప్పించాడు. తలా ఒక మాట ఇచ్చాం. ఆఖరి మాట నిల్జాది: "నా వేళ్ళు ఏ గిన్నెలో ఉన్నాయి మేస్త్రీ?" పల్లవి వచ్చేసరికి అన్నయ్య మైకు జనంలోకి విసిరేవాడు. వాళ్ళలో అదే కట్టుబాటు, పల్లవి పాడేవాడిది కాదు. మైకు ఎవరి చేతిలో పడితే వాళ్ళు "ఆపు మెషీను!" అని అరిచేవారు.

తర్వాత నగరం నుంచి రికార్డు కంపెనీ మనిషి వచ్చాడు. కొన్నాళ్ళకి అన్నయ్య టీవీలో కనబడ్డాడు. అమ్మ వీధిలో వాళ్ళందరినీ పిలిచి కూర్చోబెట్టింది. పల్లవి వచ్చింది. మైకు విసరడానికి ఎదురుగా జనం లేరు. దాన్ని రెండు చేతులా పట్టుకుని అన్నయ్య ఒక్కడే పాడాడు: "ఆపు కన్నీళ్ళు!" మేస్త్రీ పేరు లేదు. వేళ్ళ మాట లేదు. అమ్మ చప్పట్లు కొట్టింది. నేను నేలకేసి చూస్తూ కూర్చున్నాను. రికార్డు కవరు మీద "రచన: ఎద్మిల్సన్" అని ఉంది.

మర్నాడు నిల్జా నాతో, "టీవీలో మీ అన్న బాగున్నాడు. చొక్కా కొత్తదా?" అంది. తిట్టినా బాగుండేది.

శనివారం హాల్లో సభ పెట్టారు. డ్రమ్ములు వాయించేవాణ్ణి ఎర్ర జుట్టు వల్ల అందరూ తుప్పు అంటారు. వాడు బల్లెక్కాడు.

"అమ్ముడుపోయినోడికి ఇక్కడ చోటు లేదు! రికార్డులు తెండి, తగలబెడదాం!"

"ఏం అమ్ముకున్నాన్రా?" అన్నయ్య లేచాడు. "మిలిటరీ ప్రభుత్వం సెన్సారోళ్ళు మెషీను ఒప్పుకోరు, మేస్త్రీని ఒప్పుకోరు. ఈ హాల్లో మనకి మనమే పాడుకుంటే ఎవడు వింటాడు? ఇప్పుడు దేశమంతా వింటోంది."

"ఏం వింటోంది? ఏడుపాపుకోమనా?"

"జనం వినడమే నీకు పడదురా. నీలా చిరుగు బూట్లు వేసుకున్నవాడే అసలు పంక్, తతిమ్మావాళ్ళంతా నకిలీ. అంతేగా?"

"నువ్వు మాట్లాడకు!"

"మీ నాన్నకి బేకరీ ఉంది కదరా, నువ్వేం పంక్‌వి?" అని వెనక నుంచి ఎవడో తుప్పునే అడిగాడు. ఇక ఎవరి బూట్లు పనిచేసి అరిగినవి, ఎవరివి కొని చింపినవి అనే దాకా పోయింది గొడవ. గోడ వారగా బెంచీ మీద మేం కూర్చుని ఉన్నామన్న సంగతే ఎవరికీ గుర్తు లేదు.

జురేమా అక్క లేచి నిలబడింది.

"బాబూ, కాస్త ఆగుతారా? వీడు అమ్మేటప్పుడు నన్నడగలేదు. నువ్వు తగలబెడతానంటున్నావు, నువ్వూ అడగలేదు. ఆ కేక నా గొంతులోది. ఆ వేళ్ళు ఈ పిల్లవి. మీ ఇద్దర్లో అసలోడెవడో తేలేదాకా మేమిట్టా కూర్చోవాలా?"

తుప్పు బల్ల దిగి అగ్గిపెట్టె జేబులో పెట్టుకున్నాడు. అన్నయ్య నాకేసి చూశాడు. నేను మొహం తిప్పుకున్నాను. పరాయివాడైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. ఒక తల్లి బిడ్డలం, ఆ సిగ్గు ఎక్కడ దాచుకోను?

ఆ తర్వాతి వారం కంపెనీ వాళ్ళు క్యాంటీన్‌లో లౌడ్‌స్పీకరు బిగించారు. పనివాళ్ళ ఉల్లాసం కోసమట. భోజనం డబ్బాలు తెరిచాం. అన్నంలో చిక్కుడు గింజలు కలుపుకుంటుంటే రేడియోలో మా అన్నయ్య గొంతు. "ఆపు కన్నీళ్ళు, ఆపు కన్నీళ్ళు!" ఒజోరియో తలుపు దగ్గర నిలబడి పాటకి కాలితో తాళం వేస్తున్నాడు. నిల్జా ఎడం చేత్తో చెంచా పట్టుకుని ఉంది. ఎవరూ నాకేసి చూడలేదు. కావాలనే చూడలేదని తెలుస్తూనే ఉంది. భూమి చీలితే అందులోకి పోదామనిపించింది.

మళ్ళీ పల్లవి వచ్చింది. "ఆపు..." అన్నాడు అన్నయ్య.

"మెషీను!" అంది నిల్జా.

చెయ్యి నలిగినప్పుడు కూడా అరవని పిల్ల. జురేమా అక్క అందుకుంది. బల్లలన్నీ అందుకున్నాయి. డబ్బాల మీద చెంచాలు మోగాయి. రికార్డులో ఆఖరి మాట తీసేసిన చోట వట్టి గిటారు వాయించారు. ఆ ఖాళీలో నిల్జా ఒక్కతే పాడింది: "నా వేళ్ళు ఏ గిన్నెలో ఉన్నాయి మేస్త్రీ?"

ఒజోరియో కాలు ఆగింది. పరుగెత్తి రేడియో కట్టేశాడు. పాట ఆగలేదు. పాడుకుంటూనే షెడ్డులోకి వెళ్ళి ప్రెస్సుల పక్కన కూర్చున్నాం.

సాయంత్రానికి పోలీసులొచ్చారు. మమ్మల్ని గేటు దాకా ఈడ్చుకొచ్చారు. కబురు తెలిసి అవతల జనం చేరారు. తుప్పు డ్రమ్ము మెడకి తగిలించుకుని వచ్చాడు. అన్నయ్య కూడా వచ్చాడు, దూరంగా నిలబడ్డాడు. అధికారి చేతిలో రికార్డు కవరు ఉంది.

"ఎవడిదిరా ఈ పాట?"

అన్నయ్య జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. "నాదే. పేరుంది చూడండి. వాళ్ళని వదిలేసి నన్ను తీసుకెళ్ళండి."

"నోర్ముయ్యరా!" అంది జురేమా అక్క. "అప్పుడూ నీదే, ఇప్పుడూ నీదేనా? అయ్యా, ఆ పాట నాది."

"నాది" అంటూ నిల్జా కుడి చెయ్యెత్తింది. అధికారి ఆ చేతిని చూసి చూపు తిప్పుకున్నాడు.

"నాది" అన్నాను నేను. నా వెనక ఇంకొకతె. ఆమె వెనక ఇంకొకతె.

"నాది సార్" అన్నాడు తుప్పు.

"నువ్వు లోపల పనిచేస్తావా?"

"లేద్సార్. అయినా నాదే."

జురేమా అక్కనీ నిల్జానీ మరికొందరినీ వ్యానులోకి తోశారు. అన్నయ్య మెట్టు మీద కాలు పెట్టాడు. పోలీసు వాడు రొమ్ము మీద చెయ్యి వేసి కిందికి నెట్టాడు. "టీవీవాడివి, నీకెందుకయ్యా ఇదంతా? ఇంటికి పో."

వ్యాను వెళ్ళిపోయింది. అన్నయ్య నా దగ్గరికొచ్చి, "నన్నెందుకు దింపేశారే?" అన్నాడు. ఎందుకో తనకీ తెలుసు.

ఎవరూ ఇంటికి పోలేదు. అందరం స్టేషను దారి పట్టాం. అన్నయ్య తుప్పు పక్కకి చేరి, "నేనెక్కడ నడవాల్రా?" అని అడిగాడు. తుప్పు ఏదో ఎకసెక్కం ఆడబోయి మానుకున్నాడు.

"వెనకాల చోటుంది" అన్నాడు. "మైకు మాత్రం లేదు."

అన్నయ్య వెనక్కి వెళ్ళాడు.

స్టేషను ముందు నిలబడి కేక వేశాం. గోడ లోపలి నుంచి జురేమా అక్క జవాబు కేక వినిపించింది. వీధి వీధంతా మళ్ళీ అందుకుంది. ఆ గొంతుల్లో అన్నయ్యది ఏదో పోల్చుకుందామని చెవి పెట్టాను. నా వల్ల కాలేదు. ఇన్నాళ్ళూ దించుకున్న తల అప్పుడెత్తాను.