పర్లేదన్న మాట

రాజనర్సయ్య అమీర్‌పేటలో ఒక బట్టల షాపులో పంతొమ్మిదేళ్లుగా సేల్స్‌మన్. ప్యాంటు గుడ్డలు, షర్టు గుడ్డలు అతని కౌంటరు. మనిషి మెట్లెక్కి లోపలికి వస్తుండగానే, కొనడానికి వచ్చాడో, ఏసీ కింద కాసేపు నిలబడి పోవడానికి వచ్చాడో చెప్పేయగలడు.

ఆ చలికాలం పక్క కౌంటరు ప్రవీణ్ మాల వేసుకుని శబరిమల పోతుంటే, రాజనర్సయ్య అతని చేతిలో నాలుగు వందలు పెట్టి కేరళ బంపర్ లాటరీ టికెట్ ఒకటి తెమ్మన్నాడు. మొదటి బహుమతి ఇరవై కోట్లు.

"అన్నా, గిన్ని లక్షల టికెట్లల్ల ఒక్కదానికి తగుల్తది. గా నాలుగొందలు పోయినయనుకో," అని ప్రవీణ్ టికెట్ ఇస్తూ నవ్వాడు.

"నాకు తెల్వదా? ఊకనే, సరదాకు," అన్నాడు రాజనర్సయ్య.

తెలుసు. కానీ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా షాపులో పురుగు కూడా ఉండదు. ఆ రెండు గంటలూ అతను తానులు సర్దుతున్నట్టు చేతులు ఆడిస్తూ ఇరవై కోట్లు ఖర్చు పెట్టేవాడు. టాక్సు పోను పన్నెండు మిగులుతాయని ఎవరో చెప్పారు. పన్నెండైనా సరే. ఎన్నిసార్లు మొదలుపెట్టినా మొదటి ఖర్చు మాత్రం మారేది కాదు. భూలక్ష్మి అక్కకు ఇల్లు.

అక్క అతనికంటే పదేళ్లు పెద్దది. అమ్మ పోయినప్పుడు అతనికి ఆరేళ్లు. కట్టడాల దగ్గర ఇసుక మోసి అతన్ని ఇంటర్ దాకా చదివించింది ఆమే. బావ పోయాక బోరబండలో ఒక గదిలో ఉంటోంది. పంజాగుట్టలో ఏదో ఆఫీసులో పనిచేస్తున్నానని చెప్పింది. అక్షరం ముక్క రాని మనిషికి ఆఫీసులో ఏం పని ఉంటుందో అతనికి తెలియనిది కాదు. కానీ ఏ ఆఫీసని ఎప్పుడూ అడగలేదు. షాపులో ఎవరైనా అడిగితే "మా అక్క ఆఫీసుల చేస్తది" అనేవాడు. కలలో మాత్రం అక్క మేడ మీద కుర్చీలో కూర్చునేది. ఆమెకు టీ పెట్టి ఇవ్వడానికి ఒక మనిషి ఉండేది. ఆ బొమ్మ కళ్లకు కట్టినప్పుడల్లా అతనికి తను ఎంత మంచివాడో అనిపించేది.

డ్రాకు రెండు రోజుల ముందు, మంగళవారం, అతనికి వారపు సెలవు. బావమరిది పెళ్లికి కుట్టించుకున్న షర్టు వేసుకున్నాడు. మధురానగర్ వెళ్లి పని చూసుకొస్తానని భార్యతో చెప్పి, నడుచుకుంటూ పంజాగుట్ట చేరాడు. చౌరస్తాలో నెల రోజులుగా ఒక పెద్ద హోర్డింగు చూస్తున్నాడు. నాలుగు బెడ్‌రూముల ఫ్లాట్లు, వచ్చి నమూనా ఫ్లాటు చూసుకోండి అని. బంజారా హిల్స్ వైపు ఎక్కే రోడ్డులో ఉంది ఆ ఆఫీసు. చూడడానికి డబ్బులేం అడగరు గదా అనుకున్నాడు.

గాజు తలుపు తీసి ఒకమ్మాయి ఎదురొచ్చింది. పేరు హైందవి. కోస్తా మాట.

"రండి సార్, కూర్చోండి. మీ పేరు?"

"రాజ్," అన్నాడు. నోటికి ఎలా వచ్చిందో అతనికే తెలియదు.

"ఏం చేస్తుంటారు సార్?"

"బట్టల బిజినెస్ అండి." షాపులో కస్టమర్లతో మాట్లాడే తెలుగు బయటికి తీశాడు. "బడ్జెట్ గురించి ఏమీ లేదు. నచ్చాలి, అంతే."

ఆ మాట ఎందరో పెద్దమనుషుల నోట విన్నాడు. ఎలా అనాలో, అన్నాక ఎటు చూడాలో అతనికి బాగా తెలుసు. ఆ పిల్ల నమ్మింది. ఫోన్ నంబరు రాసుకుంది. పైకి తీసుకుపోయి హాలు, బాల్కనీ, కిచెన్ చూపించింది. కిచెన్ వెనక కిటికీ లేని చిన్న గది ఒకటి చూపించి, "ఇది పనమ్మాయికి సార్" అంది. అతను తలూపాడు. గచ్చు మీద చెప్పులు పెడితే మరకలవుతాయేమోనని మొదట జంకినవాడు, పావుగంటయ్యేసరికి కిటికీలు తీసి, వేసి, కబోర్డు తలుపుల మీద వేళ్లతో కొట్టి చూస్తున్నాడు.

"ముందు కాఫీ తీసుకోండి సార్," అని హైందవి హాలులో సోఫా చూపించింది.

ట్రేలో రెండు కప్పులు పట్టుకుని వచ్చింది భూలక్ష్మి. నీలం రంగు కోటు, మెడలో కార్డు. అతన్ని చూడగానే ఆమె ముఖమంతా వెలిగిపోయింది.

"అరే నర్సిగా! నువ్వేందిరా ఈడ?"

హైందవి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీకు తెలుసా సార్ ఈవిడ?"

ఎంత సేపని? ఒక ఊపిరి తీసి వదిలేంత. ఆ కాస్త సేపట్లో అతను అక్క కళ్లలోకి చూశాడు కూడా.

"లేదండి. నన్ను చూసి ఎవరో అనుకున్నట్టున్నారు."

భూలక్ష్మి కప్పులు రెండూ టీపాయి మీద పెట్టింది. తల దించుకుంది. "తప్పయింది సారూ. మా తమ్ముడు సుత అచ్చం గిట్లనే ఉంటడు. జర పొరపాటు పడ్డ."

"భూలక్ష్మీ, క్లయింట్లతో మాట్లాడొద్దని ఎన్నిసార్లు చెప్పాను? ఏంటిది?" అని హైందవి అతని వైపు తిరిగింది. "సారీ సార్. ఏజెన్సీ వాళ్లు ఎవర్ని పడితే వాళ్లని పంపిస్తున్నారు."

"పర్లేదండి," అన్నాడు రాజనర్సయ్య.

కాఫీ తాగాడు కూడా. ఖాళీ కప్పు తీసుకుపోవడానికి అక్క పక్కనే నిలబడి ఉంది. అతను కప్పు ట్రేలో పెట్టాడు. కిందికి దిగి చౌరస్తా దాకా వచ్చాక మెట్రో పిల్లరును పట్టుకుని నిలబడిపోయాడు. ఒంటి మీద షర్టు తడిసి అంటుకుపోయింది. లేదండి అన్నందుకు కాదు. ఆ మాట భయంతో అన్నాడు. పర్లేదని మాత్రం భయంతో అనలేదు. పెద్దమనిషి ఒక పనిమనిషిని క్షమించినట్టు, నిదానంగా, మర్యాదగా అన్నాడు. అదీ సొంత అక్కను.

మర్నాడు సాయంత్రం పర్మిషన్ అడిగి ఐదింటికే బోరబండ బస్సెక్కాడు. భూలక్ష్మి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"రా, కూసో," అంది. అతను నోరు తెరిచేలోపే ఆమే అందుకుంది. "నిన్న షాపు పని మీద వచ్చినవా? పరదాల ఆర్డర్ గిట్ల మాట్లాడనీకి? నేను నీ అక్కనని తెలిస్తె నీ పని ఖరాబైతదేమోనని ఊకున్న."

నిన్నటి నుంచీ ఆమె అతనికోసం ఒక సాకు వెతికి పెట్టింది. అవునని తలూపితే చాలు. అతను ఊపలేకపోయాడు. టికెట్ సంగతి, హోర్డింగు సంగతి, రాజ్ అన్న పేరు, అన్నీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ చిక్కుడుకాయల వైపే చూస్తున్నాడు.

"పైసలొస్తె ముందుగాల నీకే ఇల్లు కొందామనుకున్న అక్కా. నీ పని మాన్పిద్దామని..."

ఆమె చేయి ఆగింది. "నాకు ఇల్లెందుకురా. గా పిల్ల నన్ను తిడ్తుంటె నువ్వు పర్లేదన్నవు. గా ఒక్క మాట అనకపోతె బాగుండు."

అతను, "రేప్పొద్దున పోయి చెప్తనక్కా. నువ్వు మా అక్కవని గా మేడంకు చెప్త," అన్నాడు.

"వద్దు. నువ్వు చెప్తె నీ పాణం నిమ్మళమైతది. నా పని పోతది."

అన్నం పెట్టింది. అతను తిన్నాడు. ఎప్పుడొచ్చినా బస్సు దాకా తోడొచ్చే మనిషి, ఆ రోజు గుమ్మంలోంచి లేవలేదు.

గురువారం డ్రా తీశారు. అతని టికెట్‌కు చివరి అంకె కూడా కలవలేదు. ప్రవీణ్ ఫోన్‌లో చూసి "పోనీతియ్ అన్నా" అంటే, రాజనర్సయ్యకు ఏమీ అనిపించలేదు. మధ్యాహ్నాలు ఆ తర్వాత కూడా ఖాళీగానే ఉండేవి. కల మొదలుపెడదామంటే మేడ మీద కుర్చీలో అక్క నీలం కోటుతో కనిపించేది.

వారం తర్వాత, షాపు నిండా జనం ఉన్న వేళ, ఫోన్ మోగింది.

"రాజ్ గారూ, నేను హైందవిని. మేడం గారిని తీసుకుని ఎప్పుడొస్తున్నారు సార్? ఆ టైపు ఫ్లాటు ఇంకో ఇద్దరు అడుగుతున్నారు."

"చూస్తానండి," అని పెట్టేయబోయాడు.

"ఆ రోజు మా స్టాఫ్ వల్ల ఇబ్బంది పడ్డారా సార్? మీరు ఒక్క మాట చెప్పండి, ఆవిడని మార్పించేస్తాను."

చేతిలో కత్తెర అలాగే ఉంది. ఎదురుగా కస్టమర్ ఉన్నాడు. గల్లా దగ్గర ఓనర్ విజయేందర్ ఉన్నాడు. బయటికి పోయి మాట్లాడే వ్యవధి లేదు.

"అమ్మా, ఆమెది ఏం తప్పు లేదు. తప్పు నాది," అన్నాడు. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "నాకు బిజినెస్ లేదు, ఏం లేదు. అమీర్‌పేటల బట్టల షాపుల గుడ్డలు కోసే సేల్స్‌మన్‌ను. ఫ్లాటు కొనే పైసలు నా దగ్గర లెవ్వు. ఊకనే చూద్దామని వచ్చిన. ఆమెనేమనకుండ్రి."

"ఏంటండీ ఇది? గంటసేపు నా టైమంతా వేస్ట్ చేశారే!" అని హైందవి ఫోన్ పెట్టేసింది.

"ఏం నర్సయ్యా, ఫ్లాటు కొంటున్నవా?" అని విజయేందర్ గల్లా దగ్గరి నుంచి అరిచాడు. కౌంటర్ల వెంట నవ్వు పాకింది. కస్టమర్ కూడా నవ్వు దాచుకోవడానికి గుడ్డ వైపు వంగాడు. రాజనర్సయ్యకు చెవులు కాలిపోయాయి.

"ఎవరు అన్నా?" అన్నాడు ప్రవీణ్ మెల్లగా.

"మా అక్క పనిచేసే కాడి మేడం."

"అక్క ఆఫీసుల గదా?"

"ఆఫీసులనే. ఊడుస్తది, తుడుస్తది. చాయ్ తెచ్చిస్తది."

ప్రవీణ్ తన కౌంటరు వైపు తిరిగాడు. అక్కకు ఫోన్ చేసి నీ పనికి ఢోకా లేదని చెబుదామని రాజనర్సయ్య నంబరు దాకా పోయాడు. ఇది కూడా తన పాణం నిమ్మళం చేసుకోవడానికేనేమో అనిపించింది. ఫోన్ జేబులో పెట్టుకుని, ఎన్ని మీటర్లు కావాలని కస్టమర్‌ని అడిగాడు.